అరచేతిలోని గానయంత్రము

విద్యార్థులారా! గ్రామఫోను పెట్టెను మీలో చాలమంది చూచి యుండరు. ప్రక్కన త్రిప్పుటకు ఒక పిడి, పైన పెద్ద ఉమ్మెత్తపూవు వంటి కొమ్ము, నడుమ గిఱ్ఱున తిరుగు నల్లని పళ్లెము - ఒకప్పుడు కలవారి ఇండ్లలో మాత్రమే కనబడెడి యంత్రమది. పిమ్మట రేడియో వచ్చినది. దాని వెనుక టేపురికార్డరు, సి.డి. వచ్చినవి. వీనికన్నింటికిని ఒక సామాన్యలక్షణము కలదు. కొన్ననాడు అవి యెట్లుండెనో, మూలబడునాటికిని అట్లే యుండెను. గ్రామఫోనునకు క్రొత్త విద్య నేర్పుట ఎవరి తరమును కాదు. ఇప్పుడు మనము తెలిసికొనబోవు గానయంత్రము అట్టిది కాదు. దానిని మనమే కూర్చుకొనవచ్చును. కూర్చిన పిదప దానికి ఏటేట క్రొత్త విద్యలు నేర్పవచ్చును. ఐతే నేర్పునప్పుడు తగిన జాగ్రత్త లేనిచో ఉన్న విద్యయు పోవును. ఒక్కొక్కప్పుడు విద్యతోపాటు పాటలును పోవును. ఈ రెండవ నష్టము ఎంతటిదో ముందు ముందు చెప్పెదను.

ఈ యంత్రమునకు దేహము ఒక చిన్న కంప్యూటరు. దాని పేరు రాస్ప్‌బెరీ పై. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు గల పలక అది, అరచేతిలో ఇముడును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువ వచ్చు విద్యార్థుల సంఖ్యయు, వారికి ముందుగా ఉండెడి పరిజ్ఞానమును తగ్గిపోవుచుండుటను ఎబెన్ అప్టన్ అను నతడును, ఆయన సహచరులును గమనించిరి. 1980 ప్రాంతమున ఆ దేశపు బాలురు ఇంటనున్న చిన్న కంప్యూటర్లకు తామే ఆజ్ఞలు వ్రాయుచు, అది ఒక ఆటగా విద్య నేర్చుకొనెడివారు. రానురాను కంప్యూటర్లు పెద్దల పనిముట్లైనవి. పిల్లలు చేయి పెట్టి చెఱచినచో ఇంటిలో కలహమే! కావున చెడిపోయినను ఎవరును కోపపడనంత చౌకగా ఒక కంప్యూటరును చేయవలెనని వారు సంకల్పించిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన అది అమ్మకమునకు వచ్చినది. నాటి వెల 35 డాలర్లు. రాస్ప్‌బెరీ యనునది ఒక పండు. కంప్యూటర్లకు పండ్ల పేర్లు పెట్టు పాత ఆచారమును పాటించి వారు ఆ పేరు ఎన్నుకొనిరి. ‘పై’ యను భాగము పైథాను అను ప్రోగ్రామింగు భాష పేరునుండి వచ్చినది.

బడిపిల్లల కొఱకు పుట్టిన ఈ పలకను లోకము నానావిధములైన పనులకు వాడుకొన్నది. వానిలో పాటలు పాడించుట ఒకటి.

దేహము ఉన్నంత మాత్రమున చాలదు కదా! కంప్యూటరులోని భాగములన్నింటిచేతను పని చేయించు పెత్తనదారుని ఆపరేటింగు సిస్టమందురు. మన యంత్రమునకు ఆ పెత్తనము చేయునది లినక్సు. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల యువకుడు, లీనస్ టోర్వాల్డ్స్ దీనిని వ్రాయ నారంభించెను. తాను వినోదార్థము చేయుచున్న పని యిది యని ఆ యేడు ఆగస్టులో ఆయన తోడివారికి తెలిపెను. ఆ వినోదమే నేడు సెల్‌ఫోనులు మొదలు మహాయంత్రముల వఱకు నడుపుచున్నది. లినక్సు వ్రాతప్రతి అందఱికిని బాహాటము. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దిన దానిని పదిమందికి పంచవచ్చును. మన ఊరుమ్మడి చెఱువు వంటిది ఇది. నీరు వాడుకొనువారే పూడికయు తీయుదురు. లినక్సునకు కావలసిన పరికరములన్నియు చేర్చి, వాడుటకు అనువుగా కూర్చి యిచ్చు సంఘములు పెక్కు కలవు. 1993లో వెలసిన డెబియను వానిలో ఒకటి. దాని కూర్పులకు ‘టాయ్ స్టోరీ’ అను చలనచిత్రములలోని పాత్రల పేర్లు పెట్టుట వారి సరదా. జెస్సీ, బస్టరు అను రెండు పేర్లను మాత్రము గుర్తుంచుకొనుడు. వానితో మనకు పని యున్నది.

ఇక పాట సంగతి. కంప్యూటరునకు స్వరము తెలియదు. అంకెలు మాత్రమే తెలియును. సి.డి. పద్ధతిలో ధ్వనితరంగపు ఎత్తును ఒక్క సెకనులో 44,100 పర్యాయములు కొలుతురు. కొలిచినప్పుడెల్ల ఆ యెత్తును 65,536 మెట్లలో ఒక మెట్టుగా గుర్తింతురు. ఎడమచెవికి ఒకటి, కుడిచెవికి ఒకటి చొప్పున రెండు వరుసల అంకెలు. ఈ లెక్కన అయిదు నిమిషముల పాటకు 5 కోట్ల 29 లక్షల బైట్లు పట్టును. ఇంత చోటు వృథా యని దానిని తగ్గించు ఉపాయములు కనిపెట్టిరి. ఎం.పి.3 యను పద్ధతి చెవికి అంతగా తెలియని ధ్వనులను విడిచిపెట్టును. 2001లో వచ్చిన ఫ్లాక్ అను పద్ధతి దేనిని విడువక, రమారమి సగము చోటులో సర్దును. పట్టుపంచెను మడిచి పెట్టెలో పెట్టుట ఫ్లాక్. విప్పినచో పంచె యంతయు మరల వచ్చును. పంచె అంచులు కత్తిరించి పెట్టెలో పట్టించుట ఎం.పి.3. కత్తిరించిన అంచు మరల రాదు. కావున దాచదలచిన పాటను ఫ్లాక్ రూపమున దాచుట మేలు.

ఆ అంకెలను వరుసగా తీసి ధ్వనియంత్రమునకు అందించు ప్రోగ్రాము వేఱుగా ఉండవలెను. లినక్సులో ఈ పనికి ప్రసిద్ధమైనది ఎం.పి.డి. యనునది. ఈ పేరులోని చివరి అక్షరము ‘డీమన్’ అను మాటకు గుర్తు. తెరపై కనబడక, తెరవెనుక కనిపెట్టుకొని యుండి, పిలిచినంతనే పని చేయు ప్రోగ్రామునకు ఆ పేరు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. పండితులు ఈ మాటను వాడుకలోనికి తెచ్చిరి. మాక్స్‌వెల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తన వాదము కొఱకు ఊహించిన ఒక బుల్లి భూతము వారి మనస్సులో నుండెను. తలచినంతనే విక్రమార్కుని యెదుట నిలుచు భేతాళుని ఎఱిగిన మనకు ఈ భావము క్రొత్త కాదు.

లినక్సును, ఎం.పి.డి.ని, వానిని నడుపుటకు చక్కని తెరను ఒక్కటిగా కూర్చి యిచ్చునవి కొన్ని కలవు. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున పుట్టిన వొల్యూమియో వానిలో ఒకటి. దాని ముఖ్యభాగము వెల లేకయే లభించును. కొన్ని అదనపు సౌకర్యములకు మాత్రము చందా కట్టవలెను. మనము దీనినే ఉదాహరణముగా తీసికొందము.

ముందు సామగ్రి. పలక, ఎనిమిది లేక పదునాఱు గిగాబైట్ల మెమరీ కార్డు, విద్యుత్తునిచ్చు అడాప్టరు, ధ్వనిపెట్టెలు. వీనిలో అందఱును అశ్రద్ధ చేయునది అడాప్టరు. ఇంట పడియున్న పాత సెల్‌ఫోను ఛార్జరును తగిలించి, పలక నడచుచున్నది గదా యని తృప్తిపడుదురు. నాలుగవ తరము పలకకు 5.1 వోల్టుల ఒత్తిడితో 3 ఆంపియర్ల విద్యుత్తు అందవలెను. ఒత్తిడి 4.63 వోల్టులకు దిగువకు జాఱినచో పలక దానిని లోపముగా గుర్తించును. పాట నడుమ ఆగును. కార్డుపై వ్రాయునది తప్పిపోవును. యంత్రము చెడ్డదని నిందించువారిలో చాలమంది నిందింపవలసినది ఛార్జరును.

ధ్వని విషయమున ఇంకొక మాట. పాత పలకలకు చెవిగొట్టము తగిలించు రంధ్రమున్నను దానినుండి వచ్చు ధ్వని సామాన్యమైనది. 2023లో వచ్చిన అయిదవ తరము పలకకు ఆ రంధ్రమే లేదు. కావున సంగీతాభిమానులు అంకెలను తరంగములుగా మార్చుటకే ప్రత్యేకముగా చేసిన మఱియొక చిన్న పలకను దీనిపై అమర్చుదురు. దానిని డాక్ అందురు. మన పలక అంచున రెండు వరుసలుగా నిలిచిన 40 లోహపు సూదులు ఇట్టి అమరికల కొఱకే యున్నవి. యు.ఎస్.బి. తీగెతో తగిలించు డాక్ పరికరములును దొరకును.

ఇప్పుడు స్థాపన. వొల్యూమియో ఒక పెద్ద ఫైలుగా లభించును. దానిని ఇమేజి యందురు. అనగా కార్డుపై నుండవలసిన దానికి అచ్చుగుద్దినట్టి ప్రతిబింబము. ఇంటి కంప్యూటరులోనికి దానిని దింపుకొనుచున్నప్పుడు నడుమ ఒక్క అంకె తప్పినను ఫలితము వికటించును. తప్పలేదని తెలియుట యెట్లు? ఇమేజి నిచ్చువారు దానితోపాటు ఒక సరిచూపు సంఖ్యను గూడ ప్రకటింతురు. మనము దింపిన ఫైలునుండి అదే లెక్క ప్రకారము సంఖ్యను తీసి, రెంటిని పోల్చి చూడవలెను.

మన పెద్దలు గుణకారమును తొమ్మిదులు త్రోసి సరిచూచెడి పద్ధతి మీకు ఉపాధ్యాయులు చెప్పియుందురు. 23ను 14చే గుణింప 322. మొదటి సంఖ్యలోని అంకెల మొత్తము 5, రెండవదాని మొత్తము 5. అయిదైదులు 25, ఆ అంకెల మొత్తము 7. లబ్ధములోని 3, 2, 2 కలిపినను 7. సరిపోయినది! కాని విద్యార్థి తొందరపాటున 322కు బదులు 232 అని వ్రాసినచో? అప్పుడును మొత్తము 7 అగును, తప్పు దొరకదు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ లోపము లేని పద్ధతులను కల్పించిరి. ఎస్.హెచ్.ఏ.-256 అను పద్ధతిలో ఎంత పెద్ద ఫైలునకైనను 64 అక్షరముల సంకేతము వచ్చును. ఫైలులో ఒక్క అంకె తారుమాఱైనను ఆ సంకేతము గుర్తుపట్టలేనంతగా మాఱిపోవును. ఈ పరీక్షకు ఒక నిమిషము పట్టును. దానిని మానినవారు కొన్ని గంటలు తలపట్టుకొని కూర్చుండుట లోకములో చూచుచున్నాము.

ఇమేజిని కార్డుపై మామూలు ఫైలు వలె నకలు చేసినచో ప్రయోజనము లేదు. ఇంటి నమూనా కాగితమును స్థలములో పెట్టినంత మాత్రమున ఇల్లు లేవదు కదా! ఇమేజిలోని ప్రతి అంకెను కార్డుపై దాని దాని స్థానమున వ్రాయవలెను. ఈ పని చేయుటకు ఎచ్చరు, రాస్ప్‌బెరీ పై ఇమేజరు అను ప్రోగ్రాములున్నవి. ఏ ఇమేజి, ఏ కార్డు అని చూపి మీట నొక్కినచో అవే వ్రాసి, వ్రాసిన దానిని తిరిగి చదివి సరిచూచును. ఇచ్చట ఒక్క హెచ్చరిక. వ్రాయబడు కార్డుపై అంతకుముందున్నదంతయు నశించును. కార్డునకు బదులు పాటలున్న డిస్కును పొరపాటున చూపితిరా, పాటలన్నియు మాయమగును. వ్రాయునప్పుడు కార్డు తప్ప తక్కిన డిస్కులన్నింటిని ఊడదీసి ప్రక్కన పెట్టుడు.

వ్రాసిన కార్డును పలకలో దోపి విద్యుత్తు నిచ్చినచో కొన్ని నిమిషములలో యంత్రము మేల్కొనును. మొదటిసారి కొంచెము ఆలస్యము సహజము. కార్డులో మిగిలిన చోటునంతను అది తన స్వాధీనము చేసికొనుచుండును. తీగెద్వారా రౌటరునకు కలిపినచో వెంటనే ఇంటి నెట్‌వర్కులో చేరును. తీగె లేనిచో తానే వొల్యూమియో అను పేరుతో ఒక వై-ఫైని వెలువరించును. సెల్‌ఫోనును దానితో కలిపి, బ్రౌజరులో వొల్యూమియో.లోకల్ అను చిరునామాను ఆంగ్లాక్షరములతో వ్రాసినచో యంత్రపు పుట తెఱచుకొనును. మన వై-ఫై పేరు, రహస్యపదము, డాక్ పేరు అది అడిగిన వరుసలో చెప్పుట చాలును. అంతటితో స్థాపన ముగిసినది. యంత్రమునకు తెర అక్కఱలేదు, మీటలు అక్కఱలేదు. చేతిలోని సెల్‌ఫోనే దానికి తెరయు మీటలును.

పాటల పేర్లను తెలుగు లిపిలో వ్రాసికొనవచ్చునా యని మీరడుగవచ్చును. తప్పక వ్రాసికొనవచ్చును. ప్రపంచభాషల లిపులకన్నింటికిని ఒకే అంకెల పట్టిక యుండవలెనని ఏర్పడిన యూనికోడులో 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు ‘క’ అను అక్షరపు సంఖ్య 3093. మన యంత్రము ఆ సంఖ్యలను దాచి, అడిగినప్పుడు సెల్‌ఫోనునకు పంపును. అక్షరముల రూపును సెల్‌ఫోను చూపును. కావున సెల్‌ఫోనులో తెలుగు కనబడినచో పాటల పట్టికలోను తెలుగు కనబడును. పూర్వపు పద్ధతి ఫాంట్లతో వ్రాసిన పేర్లు మాత్రము అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. వానిని ఓపికతో తిరిగి వ్రాసికొనవలసినదే.

ఇక్కడినుండి అసలు విషయము. వొల్యూమియో కార్డును మూడు అరలుగా విభజించును. మొదటి అర పలక మేల్కొనుటకు కావలసినది. రెండవ అరలో ఆపరేటింగు సిస్టమంతయు ఒకే పెద్ద ఫైలుగా ఒత్తి కట్టియుండును. అది చదువుటకే గాని వ్రాయుటకు వీలుకానిది. మూడవ అర మనది. మనము చేసిన మార్పులు, వై-ఫై రహస్యపదము, ఇష్టమైన పాటల జాబితాలు ఇందుండును. భూగోళపటము పైన పలుచని నూనెకాగితము పఱచి, ఆ కాగితముపై పెన్సిలుతో గీతలు గీయుదుము. చూచువారికి పటమే గీతలతో నిండినట్లు తోచును. కాగితము లాగివేసినచో పటము చెక్కుచెదరక యుండును. వొల్యూమియో నేర్పు ఇదియే. యంత్రమును చిందరవందర చేసికొన్నవారు సెట్టింగులలో ఒక్క మీట నొక్కి నూనెకాగితమును తొలగించి, మొదటిరోజు స్థితికి రావచ్చును.

ఐతే పాటలను గూడ ఆ మూడవ అరలోనే దాచుకొన్నచో? కాగితముతోపాటు అవియు పోవును! కావున పాటలను కార్డుపై నుంచరాదు. యు.ఎస్.బి. డిస్కుపై గాని, ఇంటిలోని మఱియొక కంప్యూటరుపై గాని ఉంచి, యంత్రమునకు చూపుట చాలును. సిస్టము వేఱు, సంగీతము వేఱు. సిస్టము నశించినచో మఱియొక కార్డుపై అరగంటలో వ్రాసికొనవచ్చును. దాని ప్రతులు లోకమున వేలకొలది కలవు. మీ ఇంటనున్న పాట సంగతి అట్లు కాకపోవచ్చును. మన పల్లెలలో ఎన్నో ఇండ్ల అటకలమీద పాత టేపులు పడియున్నవి. వానిలో తాత పాడిన నాటకపద్యము, అవ్వ పాడిన మంగళహారతి, ఊరిలో ఒకప్పుడు హరికథ చెప్పిన భాగవతారు గొంతు ఉండును. టేపుపై పూసిన అయస్కాంతపు పొడి ఏండ్లు గడచిన కొలది రాలిపోవును. దానిని కంప్యూటరులోనికి ఎక్కించి ఫ్లాక్ ఫైలుగా చేసినవారు మెచ్చదగినవారు. కాని ఆ ఫైలు ఒక్కటే ప్రతిగా ఉన్నచో దాని బ్రతుకు టేపు బ్రతుకుకంటె గట్టిది కాదు. పాడినవారు లేరు, మరల పాడించుటకు ఏ నవీకరణమును తోడ్పడదు.

నవీకరణమంటిని; వాడుకలో అప్‌డేటు. పాట చక్కగా వినబడుచుండగా సిస్టమును మార్చుట దేనికని కొందఱందురు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. క్రొత్త సొగసుల కొఱకే ఐనచో నేనును తొందరపడవద్దనియే చెప్పుదును. కాని ఈ యంత్రము ఇంటి నెట్‌వర్కులో ఒక భాగము. 2017 అక్టోబరులో బెల్జియం దేశపు లూవెను విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాథీ వాన్‌హాఫ్, వై-ఫైకి కాపలాగా నున్న డబ్ల్యు.పి.ఏ.2 పద్ధతిలోనే ఒక లోపము నున్నట్లు బయటపెట్టెను. దగ్గఱలో పొంచియున్న వాడు పరికరమునకును రౌటరునకును నడుమ సాగు సంభాషణను వినగలుగు లోపమది. లినక్సు పరికరములకు దానివలన ముప్పు మఱింత హెచ్చు. రహస్యపదము ఎంత కఠినమైనను ప్రయోజనము లేదు. తాళము మంచిదే, తలుపు బందులే వదులు! మందు ఒక్కటే: సిస్టమును దిద్దిన క్రొత్త కూర్పు. డెబియను మొదలగువారు వెంటనే దిద్దియిచ్చిరి. అప్‌డేటు చేసికొన్నవారు గట్టెక్కిరి.

అంతకు ముందటి యేడు, 2016లో, మిరాయి అను దుష్టప్రోగ్రాము ఇండ్లలోని కెమెరాలను, రౌటర్లను లక్షలుగా వశపఱచుకొన్నది. అందు అది చేసిన మాయ ఏమియు లేదు. తయారుచేసినవారు పెట్టిన రహస్యపదములను కొన్నవారు మార్చలేదు. అది ఆ పదములనే వరుసగా ప్రయత్నించినది. కావున స్థాపననాడే వొల్యూమియో వారు ముందుగా పెట్టిన పదములను మార్చుకొనుడు.

అప్‌డేటు చేయుట తేలిక. సెట్టింగులలో సిస్టము అను పుట తెఱచి, క్రొత్త కూర్పు వచ్చినదేమో చూడుమని యంత్రము నడుగవలెను. వచ్చినచో అది దానిని దింపుకొని, రెండవ అరలోని పెద్ద ఫైలునకు బదులు క్రొత్త ఫైలును నిలిపి, తిరిగి మేల్కొనును. మన పని కూర్చుండి చూచుటయే. ఆ కూర్చుండుటయే కొందఱకు కష్టము! అంకె కదలలేదని, తెర నిలిచిపోయినదని భ్రమపడి తీగె లాగివేయుదురు.

అప్పుడేమగునో తెలియవలెనన్నచో కార్డు స్వభావమును కొంత ఎఱుగవలెను. పలకపై బలపముతో వ్రాసినట్లు మెమరీ కార్డుపై ఒక్క అక్షరమును చెఱిపి మఱియొక అక్షరము వ్రాయుటకు వీలులేదు. దానిలోని గడులు పెద్ద పెద్ద గుంపులుగా నుండును. చెఱుపవలసినచో గుంపునంతను ఒక్కసారిగా చెఱుపవలెను. కావున కార్డులోని చిన్న యంత్రాంగము, ఒక గుంపులో ఉంచదగిన అంకెలను వేఱొక చోటికి తరలించి, పాత గుంపును చెఱిపి, ఏది ఎచ్చట నున్నదో తన చిట్టాలో వ్రాసికొనుచుండును. సరిగా ఆ క్షణమున విద్యుత్తు పోయినచో తరలినవి కొన్ని, తరలనివి కొన్ని. చిట్టా సగము పాతది, సగము క్రొత్తది. క్రొత్తగా వ్రాయుచున్నవే కాదు, ఎన్నడో వ్రాసి ముట్టుకొనని అంకెలు గూడ అట్లు నశింపవచ్చును. మన ప్రాంతమున వేసవిలో కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము. మబ్బు పట్టిన సాయంకాలమున అప్‌డేటు మొదలుపెట్టుట తెలివి కాదు. ఇన్వర్టరు ఉన్న ఇంటిలో యంత్రమును దానికి తగిలించి చేయుడు.

ఇంకొక చిక్కు కలదు. చిన్న అప్‌డేటులు యంత్రములోనుండియే జరుగును. పునాదియే మాఱునప్పుడు అట్లు కుదరదు. వొల్యూమియో రెండవ తరము డెబియను వారి జెస్సీపై నిర్మింపబడినది. 2015లో వెలువడిన జెస్సీకి దిద్దుబాట్లు చేయు దీర్ఘకాలపు సేవ 2020 జూనులో ముగిసినది. చూచువారు లేని ఇంటిలో కాపురముండుట క్షేమము కాదు కదా! కావున 2021లో వచ్చిన మూడవ తరమును బస్టరుపై నిర్మించిరి. రెండవ తరమునుండి మూడవ తరమునకు మీట నొక్కి పోవుటకు వీలు లేకపోయినది. ఇమేజిని తెచ్చి కార్డుపై మొదటినుండి వ్రాసికొనవలసి వచ్చినది. పాటలు వేఱు డిస్కుపై నున్నవారికి అది ఒక సాయంకాలపు పని. కార్డుపైననే దాచుకొన్నవారు వ్రాయుటకు ముందు వానిని బయటికి తీయవలసివచ్చినది. ఇట్టి సమయమున పాత కార్డును చెఱుపక అట్లే దాచి, క్రొత్త కార్డు కొని దానిపై వ్రాయుట ఉత్తమము. క్రొత్తది నచ్చనిచో పాతదానిని మరల దోపిన చాలును. కార్డు వెల తక్కువ. దానివలన కలుగు నిశ్చింత ఎక్కువ.

పాటల డిస్కునకును రెండవ ప్రతి యుండవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ రెండవ ప్రతిని యంత్రమునకు తగిలించి యుంచరాదు. పిడుగు పడినచో రెండును ఒక్కమాఱే పోవును. వేఱొక గదిలో గాని, బంధువుల ఇంటిలో గాని ఉంచుడు. ఏడాదికొకసారి దానిని తెచ్చి ఒకటి రెండు పాటలు పాడించి చూడుడు. మూసియుంచిన డిస్కు బాగున్నదో లేదో పాడించిననే గాని తెలియదు.

యంత్రమును ఆపుట గూడ ఒక పద్ధతి ప్రకారము జరుగవలెను. రేడియో వలె తటాలున ఆపుటకు అలవాటుపడినవారికి ఇది వింతగా తోచును. పీకోర్‌ప్లేయరు అను మఱియొక కూర్పు కలదు. అది మేల్కొనగనే తన్ను తాను కార్డునుండి పలకలోని తాత్కాలిక స్మృతిలోనికి ఎక్కించుకొని, అటుపిమ్మట కార్డును దాదాపు ముట్టదు. దానిని తీగె లాగి ఆపినను భయము లేదు. వొల్యూమియో అట్టిది కాదు. సెల్‌ఫోనులోని పుటలో ఆపు మీట నొక్కవలెను. నాలుగవ తరము పలకపై రెండు చిన్న దీపములుండును. ఎఱ్ఱనిది విద్యుత్తు ఉన్నదని తెలుపును. పచ్చనిది కార్డుపై చదువుట, వ్రాయుట జరిగినప్పుడెల్ల మినుకుమినుకు మనును. ఆ పచ్చని దీపము మినుకుట మాను వఱకు ఆగి, ఆ తరువాత స్విచ్చి తీయవలెను.